ఇంట్లో ఒకరికి దేవుడున్నాడు, ఇంకొకరికి లేడు: రోజూ గొడవ పడకుండా నెట్టుకురావడం ఎలా?

ముందే చెప్తున్నా, దేవుడున్నాడా లేడా అన్నది ఇక్కడ తేల్చను. దేవుడు లేడన్న ప్రాచీన చార్వాకుల కాలం నుంచి నడుస్తున్న వాదన ఆదివారం మధ్యాహ్నం కంచాల ముందు తేలిపోతుందనుకోవడం అత్యాశ. నాకు నమ్మకం లేదు. మా అత్తయ్యగారు నమ్ముతారు, అదీ మామూలుగా కాదు, కార్తీకమాసం నెల్లాళ్ళూ చీకటితోనే లేచి తలస్నానం చేసి దీపం పెట్టే రకం. ఇద్దరం ఒకే వంటింట్లో తిరుగుతాం. కాబట్టి నేను చెప్పేవన్నీ పనికి సంబంధించినవే, అంటే ఎవరు ఏం చేయాలి, ఏ మాట అనకూడదు, ఎక్కడ సర్దుకుపోవచ్చు, ఎక్కడ అస్సలు తగ్గకూడదు అని.

గొడవ అసలు దేని గురించో ముందు చూడండి

మన ఇళ్ళల్లో భక్తికీ నాస్తికత్వానికీ జరిగే గొడవల్లో దేవుడు నిజంగా ఉండేది చాలా తక్కువ. వరలక్ష్మీ వ్రతం రోజు కోడలు నైటీలోనే తిరుగుతోందంటే అత్తగారి బాధ లక్ష్మీదేవికి కోపం వస్తుందని కాదు, పేరంటానికి వచ్చిన పక్కింటావిడ ఏమనుకుంటుందో అని. కోడలి బాధ కూడా దేవుడు లేడని కాదు, పొద్దున్నే లేచి తొమ్మిది రకాలు వండి ఆఫీసుకి లాగిన్ అవ్వాలని. ఈ రెండూ విడదీయకుండా "నాకు నమ్మకం లేదు" అని ఒక్క మాట అనేస్తే, అసలు బాధ ఎవరికీ వినపడదు. "నాకు నమ్మకం లేదు" ఒక వాక్యం. "నాకీ పని ఎక్కువైపోయింది" ఇంకో వాక్యం. వేర్వేరు రోజుల్లో చెప్పండి. రెండోది చెప్తే చాలావరకు దారి దొరుకుతుంది, తొమ్మిది రకాలు ఐదవుతాయి, బూరెలు స్వీటు షాపు నుంచి వస్తాయి, ఏ దేవుడూ వచ్చి లెక్కపెట్టడు.

ఒక మాట అనకుండా ఉండలేను. మగవాళ్ళ నాస్తికత్వం చాలా చవక. భర్త "నాకివన్నీ పట్టవు" అని సోఫాలో కూర్చుని ఫోన్ చూసుకుంటే "వాడంతే, కాలేజీ రోజుల నుంచీ కమ్యూనిస్టు బుర్ర" అని నవ్వేస్తారు, పులిహోర మాత్రం ముందు ఆయనకే పెడతారు. అదే మాట కోడలు అంటే సంగతి పుట్టింటి పెంపకం దాకా పోతుంది. ఎందుకంటే మడి, నైవేద్యం, తాంబూలాలు, పూజసామాను తోమడం అన్నీ ఆడవాళ్ళ చేతుల మీదుగానే నడవాలి, ఆవిడ నమ్మడం మానేస్తే పండగ ఆగిపోతుంది, ఆయన మానేస్తే ఏమీ ఆగదు. కాబట్టి నాస్తిక భర్తలకి మొదటి సూచన ఇదే: ఆ రోజు ఇత్తడి సామాను మీరు చింతపండు పెట్టి తోమండి. అది భక్తి కాదు, మీ సిద్ధాంతానికి ఏ మచ్చా రాదు.

ఎదుటివాళ్ళ గురించి మీ బుర్రలో ఉన్న బొమ్మని సరిచేసుకోండి

నమ్మేవాళ్ళకి నమ్మనివాళ్ళ మీద ఉండే మొదటి అనుమానం "భయం లేదు, భక్తి లేదు, ఇక వీణ్ణి ఆపేదేముంది" అని. ఇది మనకొక్కరికే ఉన్న జబ్బు కాదు. 2017లో 13 దేశాల్లో, అందులో మనదేశం కూడా ఉంది, మనస్తత్వ శాస్త్రవేత్తలు చేసిన అధ్యయనం ఒకటి వచ్చింది. ఘోరమైన నేరం చేసిన మనిషిని వర్ణించి చెప్తే, వాడు నాస్తికుడే అయ్యుంటాడని జనం తొందరగా అనుకున్నారు. విచిత్రమేమిటంటే, తాము దేవుణ్ణి నమ్మమని చెప్పిన వాళ్ళల్లో కూడా ఆ మొగ్గు కనపడింది. అంటే మీ మావయ్య మిమ్మల్ని అనుమానంగా చూస్తే ఆయనొక్కడే చెడ్డవాడు కాదు. ఇది వాదించి పోగొట్టేది కూడా కాదు. వేళకి అప్పు తీర్చడం, ఆస్పత్రిలో రాత్రి తోడు పడుకోవడం, పంపకాల్లో అక్కచెల్లెళ్ళకి రావాల్సింది ఇప్పించడం, ఇలాంటివి ఏళ్ళ తరబడి చూశాక దానంతట అదే సడలుతుంది.

రెండోది "నీకు కష్టం రానీ, అప్పుడు నువ్వే మొక్కుతావు". భక్తులకు నా విన్నపం, ఈ మాట దయచేసి మానేయండి. మీరు ధైర్యం చెప్తున్నామనుకుంటారు, వినేవాళ్ళకి మాత్రం మీరు ఆ కష్టం కోసం ఎదురుచూస్తున్నట్టు ఉంటుంది. "ఎవరో నీ బుర్ర పాడుచేశారు" కూడా అంతే.

ఇక నమ్మనివాళ్ళ బొమ్మ ఇంకా అన్యాయంగా ఉంటుంది, మన వాళ్ళకి తెలివి మీద ధీమా ఎక్కువ కదా. ప్యూ పరిశోధన సంస్థ 2021లో ప్రచురించిన సర్వేలో మనదేశంలో 97 శాతం మంది దేవుణ్ణి నమ్ముతామన్నారు. ఇంతమందిని ఒక్క మూసలో పోసి "మూర్ఖులు" అంటే మన పరిశీలన ఏపాటిదో తెలిసిపోతుంది. కొందరికి గుడి అంటే కోడలి మాటలు, టీవీ సీరియల్ చప్పుడూ లేని ఒక గంట. కొందరికి భజన మండలి, అంటే స్నేహితులు. కొందరికి మొక్కు ఒక ఒప్పందం, పని అయితే తలనీలాలు, కాకపోతే లేదు, ఇందులో వ్యాపారపు తెలివి కూడా ఉంది. కొందరు గట్టిగా అడిగితే దేవుడి గురించి మీకన్నా ఎక్కువ సందేహాలు చెప్తారు, కానీ దీపం మానరు. మనం మాత్రం ఎప్పుడూ టీవీలో పట్టుబడ్డ దొంగ బాబాని తెచ్చి అమ్మ ముందు పెడతాం, "చూడు, మీ దేవుళ్ళు" అని. ఆవిడ ఆ బాబాని ఎన్నడూ నమ్మలేదు, పాపం.

పండగలు, వ్రతాలు, ప్రసాదం

నేను పాటించే గీత చెప్తాను, మీకు నచ్చితే వాడుకోండి. మనుషుల కోసం చేసే పని చేస్తాను, నమ్మని మాట నోటితో అనను. మామిడాకుల తోరణం కడతాను, ముగ్గు వేస్తాను, వచ్చిన పేరంటాళ్ళకి పసుపు కుంకుమ, శనగలు ఇస్తాను. పీటల మీద కూర్చుని గోత్రం చెప్పి సంకల్పం చేయమంటే మాత్రం చేయను. ఎందుకంటే సంకల్పమంటే "నేను ఫలానా కోరికతో ఈ పూజ చేస్తున్నాను" అని నా నోటితో చెప్పడం. నమ్మకుండా అది చెప్తే నన్ను నేనే కాదు, అత్తయ్యగారిని కూడా మోసం చేసినట్టు. ఆశ్చర్యంగా, ఈ ముక్క భక్తులకి బాగా అర్థమవుతుంది. "వద్దు, మనసు లేకుండా చేయకూడదు" అని వాళ్ళే అంటారు. పీటల మీదకి రాననే సంగతి ముహూర్తానికి రెండు వారాల ముందు చెప్పండి, పురోహితుడు వచ్చి కలశం పెట్టాక కాదు. రెండు వారాలుంటే మరిదీ తోడికోడలూ వచ్చి కూర్చుంటారు. ఆఖరి నిమిషంలో చెప్తే అది అభిప్రాయం కాదు, అవమానం.

ప్రసాదం దగ్గర కాస్త ఆగాలి. సత్యనారాయణ వ్రతం ఐదు కథల్లో రెండు చోట్ల మలుపు ప్రసాదం దగ్గరే ఉంది. భర్త పడవ ఒడ్డుకి వచ్చిందని వినగానే కళావతి ప్రసాదం తీసుకోకుండా పరిగెడుతుంది, పడవ మునిగిపోతుంది. గొల్లలు ఇచ్చిన ప్రసాదాన్ని రాజు చిన్నచూపు చూసి వదిలేస్తాడు, కొడుకుల్నీ సంపదనీ పోగొట్టుకుంటాడు. ఈ కథ అప్పుడే విన్న అమ్మ చేతిలోంచి రవ్వ ప్రసాదం మీరు వద్దంటే, ఆవిడకి "తీపి వద్దు" అన్నట్టు వినపడదు. ఇంటి పడవ మునిగినట్టు వినపడుతుంది. మీకేమో అది నెయ్యి, పంచదార, జీడిపప్పు. పోయేదేం లేదు, తినండి. చేయి చాచి తీసుకుంటే లొంగిపోయినట్టు అనుకునే నాస్తికులు నాకు తెలుసు, వాళ్ళకి నాకన్నా ప్రసాదం మహిమ మీద ఎక్కువ నమ్మకం ఉన్నట్టుంది.

అయితే ఇదే సలహా క్రైస్తవ బంధువుకి ఇవ్వకండి. విగ్రహానికి నైవేద్యం పెట్టినది తినకూడదన్నది చాలామంది క్రైస్తవుల విశ్వాసంలో భాగం. ఆయన వద్దనేది నమ్మకం లేక కాదు, ఉండి. అలాగే క్రైస్తవుల ఇంట్లో పుట్టి నమ్మకం పోయినవాళ్ళు భోజనానికి ముందు ప్రార్థన జరుగుతుంటే స్పూను కింద పెట్టి నిమిషం ఊరుకోవచ్చు, ఆమెన్ అనక్కర్లేదు. రంజాన్‌లో ఇంట్లో అందరూ రోజా ఉంటే మీరు ఉండకపోవచ్చు, వాళ్ళ ముందు కూర్చుని తినకపోతే చాలు.

ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపుకి ఒకటే నియమం. "పది మందికి పంపితే శుభవార్త వింటారు" అన్నదానికి జవాబు రాయకండి. "ఈ ఆకు తింటే షుగర్ పోతుంది, మందులు ఆపేయండి" అన్నదానికి మాత్రం తప్పకుండా రాయండి.

పిల్లలు

పుట్టువెంట్రుకలు, చెవులు కుట్టించడం, బాసరలో అక్షరాభ్యాసం, వీటి మీద యుద్ధం చేయకండి. జుట్టు మళ్ళీ వస్తుంది, అక్షరాలు ఎక్కడ దిద్దినా అక్షరాలే. నేను గట్టిగా పట్టుబట్టేది ఒక్కదాని గురించే, పిల్లల్ని భయపెట్టడం. "పుస్తకం తొక్కావు, కళ్ళు పోతాయ్, లెంపలేసుకో" అన్నది మనం విని పెరిగిందే, కానీ నాలుగేళ్ళ పిల్ల రాత్రి నిద్రలో లేచి కళ్ళు తడుముకునేదాకా తేకూడదు. "పుస్తకం చిరిగిపోతుంది, తీసి పైన పెట్టు" అంటే సరిపోతుంది కదా. ఇటువైపు వాళ్ళకి కూడా అంతే, పిల్లాడి చేత నాన్నమ్మని "దేవుడే ఉంటే మరి కనపడడేం" అని అడిగించి ముసిముసిగా నవ్వుకునే తండ్రుల్ని చూశాను. అది చాలా చవకబారు పని.

పిల్లలు అడుగుతారు, తప్పకుండా. "నాన్నమ్మ ఉన్నాడంటుంది, అమ్మకి అలా అనిపించదు, నువ్వు పెద్దయ్యాక ఆలోచించుకో." ఇంతే చెప్పండి. వాళ్ళు మనం అనుకున్నంత కంగారుపడరు.

స్కూలు గురించి తెలుసుకోవాల్సింది ఒకటుంది. రాజ్యాంగం 28వ అధికరణం ప్రకారం ప్రభుత్వ గుర్తింపు లేదా సాయం ఉన్న విద్యాసంస్థల్లో తల్లిదండ్రుల ఒప్పుకోలు లేకుండా మైనర్లని మతబోధనలో, ఆరాధనలో పాల్గొనమని బలవంతపెట్టకూడదు. వెళ్ళి మర్యాదగా కాగితం రాసి ఇవ్వండి, పిల్లల్ని మధ్యలో పెట్టి కాదు. ఇక పుట్టిన సర్టిఫికెట్‌లో మతం, కులం లేవని రాయించుకునే వీలు ఉండాలని 2023లో తెలంగాణ హైకోర్టు చెప్పింది. ఆవేశంగా పరిగెత్తే ముందు ఒకటి ఆలోచించండి. ఎస్సీ హోదా చట్టప్రకారం హిందూ, సిక్కు, బౌద్ధ మతాలకే ముడిపడి ఉంది, కాబట్టి రిజర్వేషన్ అవసరమైన కుటుంబాలు తెలిసిన లాయరుతో మాట్లాడకుండా ఆ గడి మార్చకండి. తండ్రి ఆదర్శానికి కూతురు సీటు పోగొట్టుకోకూడదు.

జబ్బు చేసినప్పుడు

సర్దుకుపోవడం ఇక్కడ ఆగిపోతుంది. ముడుపు కట్టనివ్వండి, విభూతి పెట్టనివ్వండి, దిండు కింద బైబిలో తాయెత్తో పెట్టుకోనివ్వండి, ఆస్పత్రి మంచం మీద పడుకున్నవాళ్ళకి అది ధైర్యం. కానీ వరస మాత్రం మారకూడదు, డాక్టరు ముందు, మొక్కు తర్వాత. పాము కరిస్తే మంత్రం వేయించడానికి తీసుకెళ్ళిన ఆ గంటే ప్రాణం. పచ్చకామెర్లకి పసరు తాగించి లివర్ మీద ఇంకో దెబ్బ కొట్టుకున్నవాళ్ళు ప్రతి ఊళ్ళో ఉన్నారు. మూర్ఛకి, డిప్రెషన్‌కి "గాలి సోకింది" అని దర్గాలకీ, స్వస్థత కూటాలకీ, క్షుద్రపూజల వాళ్ళ దగ్గరికీ తిప్పితే జబ్బు ముదురుతుంది. "నమ్మకాన్ని గౌరవించాలి" అనే మాట ఇక్కడ చెల్లదు. మందు ఆగితే, ఇంట్లో బంగారం కదిలితే, లేదా "ఫలానా ఆమె చేతబడి చేసింది" అని వేలు ఇంకో మనిషి వైపు తిరిగితే, వెంటనే అడ్డుపడండి. బాణామతి చేశారన్న అనుమానంతో మనుషుల్ని చంపిన ఘటనలు మన పల్లెల్లో జరిగాయి, ఇది నవ్వుకునే విషయం కాదు.

అడ్డుపడేటప్పుడు నాస్తికుడిగా అడ్డుపడకండి, అదొక కిటుకు. "దేవుడు లేడు, పదండి ఆస్పత్రికి" అంటే సగం సేపు మొదటి ముక్క మీదే పోతుంది. "మొక్కు మొక్కుకోండి, కారులో మొక్కుకోండి, కారు ఎక్కండి" అనాలి. ఇంట్లో భక్తి ఉండి బుర్ర కూడా ఉన్న పెద్దమనిషి ఒకరు ఉంటారు, ముందే ఆయన్ని మీ వైపు ఉంచుకోండి. మీరు వంద చెప్పినా వినని ఆడపడుచు ఆయన ఒక్క మాటకి వింటుంది.

మీ పేరు మీద వేరేవాళ్ళు మొక్కుకునే సమస్య ఒకటి ఉంది. మీకు ఆపరేషన్ అయితే అమ్మ తిరుపతిలో మీ తలనీలాలు మొక్కేస్తుంది, మీరు కళ్ళు తెరిచేసరికి ఆ ఒప్పందం అయిపోయి ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్నప్పుడే చెప్పి పెట్టుకోండి, "నా గురించి ఎంతైనా మొక్కుకో, కానీ ఇచ్చేది నీది మొక్కుకో." మా ఇంట్లో ఇది పనిచేసింది, మొక్కులు కొంచెం చిన్నవయ్యాయి కూడా.

పెళ్ళి

మనవాళ్ళు ఈ విషయంలో ముందే చాలా దారులు వేశారు. హేతువాది కవిరాజు త్రిపురనేని రామస్వామి సంస్కృత మంత్రాలు లేకుండా తెలుగులోనే వివాహవిధి రాశారు. దండల పెళ్ళిళ్ళు కమ్యూనిస్టు కుటుంబాల్లో ఎప్పట్నుంచో ఉన్నాయి. కానీ నాకు బాగా ఇష్టమైన ఉదాహరణ గోరాది. గోపరాజు రామచంద్రరావు, జంధ్యం వేసుకోనన్నందుకు ఇల్లు వదలాల్సి వచ్చిన మనిషి, నాస్తికత్వం గురించి మాట్లాడినందుకు కాలేజీ ఉద్యోగం పోగొట్టుకున్న మనిషి. 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టారు, 1947లో అది విజయవాడకి మారింది. ఆయన తన నమ్మకం లేనితనాన్ని తీసుకెళ్ళి ఎవరి ముందు పెట్టారు? రామనామం ఊపిరిగా బతికిన గాంధీ ముందు. ఇద్దరూ ఒకరినొకరు మార్చుకోలేదు. గోరా పెద్దమ్మాయి మనోరమకి దళిత కుటుంబానికి చెందిన అర్జునరావుతో పెళ్ళి అనుకున్నప్పుడు, తన ఆశ్రమంలో జరిపిస్తానని గాంధీ ఒప్పుకున్నారు, ఆశ్రమ వివాహవిధిలో దేవుడి మాట ఉన్నచోట సత్యం అని మార్చడానికి కూడా ఒప్పుకున్నారు. ఈలోగా ఆయన హత్య జరిగింది. 1948 మార్చిలో ఆ పెళ్ళి సేవాగ్రామ్‌లోనే జరిగింది. ఇద్దరికీ కులం పోవాలన్నది ముఖ్యం, దేవుడి సంగతి ఆ తర్వాత. మీ ఇంట్లో కూడా అలా ఇద్దరికీ ముఖ్యమైనది ఏదో ఒకటి దొరుకుతుందేమో ముందు వెతకండి, మంత్రాల లిస్టు తర్వాత చూసుకోవచ్చు.

కాగితాల సంగతి: ఏ మతవిధీ వద్దనుకుంటే 1954 ప్రత్యేక వివాహ చట్టం ఉంది. ఇద్దరిలో ఒకరు నోటీసుకి ముందు కనీసం 30 రోజులు నివసించిన జిల్లాలో నోటీసు ఇవ్వాలి, తర్వాత 30 రోజులు ఆగాలి, పెళ్ళికి ముగ్గురు సాక్షులు కావాలి. హాలు బుక్ చేసే ముందే లెక్క వేసుకోండి. "నాస్తికుడైతే ఆస్తి రాదటగా" అని భయపడే పెద్దలకి చెప్పండి, హిందూ కుటుంబంలో పుట్టి ఇంకో మతంలోకి మారనివాళ్ళని, నమ్మినా నమ్మకపోయినా, వివాహ, వారసత్వ చట్టాలు హిందువుల కిందే చూస్తాయి.

ఇరువైపులా పట్టింపు ఉంటే రెండూ చేసుకోండి, పొద్దున రిజిస్ట్రారు ఆఫీసు, సాయంత్రం భోజనాలు. తాళి, జీలకర్ర బెల్లం దగ్గర ఎవరు ఎంత ఒప్పుకుంటారన్నది పెళ్ళికొడుకూ పెళ్ళికూతురూ ఇద్దరే కూర్చుని మాట్లాడుకోవాలి, మిగతావాళ్ళు తర్వాత.

చావు

నమ్మినవాళ్ళు పోతే, నమ్మని కొడుకైనా కూతురైనా వాళ్ళు కోరిన పద్ధతిలోనే పంపాలి. తలకొరివి పెట్టాలంటే పెట్టండి, పదకొండో రోజు, పన్నెండో రోజు ఉండండి. సంకల్పం చెప్పనని పైన అన్నదాన్ని కదా, ఇక్కడ చెప్తాను. పీటల మీద ఆ పూజ నాది అవుతుంది, ఇది ఆ పోయినావిడది. దీన్ని రాజీ అనేవాళ్ళు అనుకోనీ. అలాగే "దేవుడు తీసుకెళ్ళిపోయాడు" అని ఏడుస్తున్న మనిషికి జవాబు చెప్పకండి, మంచినీళ్ళు ఇవ్వండి.

నమ్మనివాళ్ళు పోతే పరిస్థితి వేరు, మాట్లాడే మనిషి ఉండడు, చుట్టాలు పురోహితుడికి ఫోన్ చేసేస్తారు. కాబట్టి బతికుండగానే కాగితం రాయాలి. కర్మలు వద్దు, సంస్మరణ సభ చాలు, బంధువులకి భోజనం పెట్టండి అని స్పష్టంగా రాయండి. దేహదానం కావాలంటే దగ్గర్లోని మెడికల్ కాలేజీ అనాటమీ విభాగంలో ఫారం దొరుకుతుంది, సాక్షుల్లో ఒకరు దగ్గరి బంధువైతే మంచిది. మీరు సంతకం పెట్టినా, ఆ రోజు శరీరాన్ని అప్పగించాల్సింది ఇంట్లోవాళ్ళే, వాళ్ళు వద్దంటే కాలేజీ వాళ్ళు వచ్చి లాక్కుపోరు. మామూలుగా పోస్ట్‌మార్టం అయిన శరీరాన్ని తీసుకోరు కూడా. కళ్ళయితే ఆరు గంటల్లోపు ఇవ్వాలి, ఐ బ్యాంకు వాళ్ళు వచ్చేదాకా రెప్పలు మూసి, తడి దూది పెట్టి, ఫ్యాన్ ఆపేయాలి.

అందుకని ఆ ఫారం మీద సంతకానికి ఇంట్లో అందరికన్నా ఎక్కువ భక్తి ఉన్నవాళ్ళనే అడగండి. మీరు పోయాక చుట్టాల ముందు నిలబడి "ఇది ఆయన మాట, ఇలాగే జరగాలి" అని ఆవిడ అంటే ఎదురు చెప్పేవాళ్ళుండరు, అదే మాట మీ నాస్తిక స్నేహితుడు అంటే "నువ్వెవరయ్యా మధ్యలో" అంటారు. మాది మా అత్తయ్యగారు సంతకం పెట్టారు. ఒక జిరాక్స్ ఆవిడ బీరువాలో ఉంది, ఇంకొకటి మా ఆడపడుచు దగ్గర.